ఒక్క మెడే లేవాలి

పది రోజుల కిందట మా పక్క షాపాయన తన ఫోను తెచ్చి నా కౌంటరు మీద పెట్టాడు. తెర నిండా ప్లాస్టిక్ బాతులు. నీళ్ళ మీద తేలేవి, చేలో పుల్లకి గుచ్చి నిలబెట్టేవి, గాలి ఊదుకునేవి, అట్టముక్కలా పల్చగా ఉండేవి. ఆకాశంలో పోయే నిజం బాతుల్ని నమ్మించి కిందికి దింపడానికి వేటగాళ్ళు పెట్టుకునే బొమ్మలు.

"అన్నాయ్, ఈ చలికాలం మా బావవాళ్ళతో కలిసి దివిసీమ వైపు బాతుల వేటకి పోదామనుకుంటన్నాం. అందరం కొత్తోళ్ళమే. ఊరికే డబ్బులు తగలెయ్యకుండా ఏ సెట్టు కొంటే పనికొస్తదంటావ్? నీకు ఇయ్యన్నీ తెలుసంటగా?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరో అన్నార్లే, ఒకప్పుడు ఎయిర్ గన్ కొన్నావని. ఇదిగో, ఈ ఆరూ చూడు. ఎంత ఠీవిగా ఉన్నయ్యో! రేటు కూడా తక్కువే."

ఆ ఆరు బాతులూ మెడలు నిటారుగా ఎత్తి ఉన్నాయి. ఒక్కటి కూడా తల దించలేదు. ఫోనుని ఆయన వైపు తోసేశాను.

"నాకు తెలీదు," అన్నాను.

ఆ మాటతో తప్పించుకోవడం నాకు మొదటిసారి కాదు. నాకు తెలుసు. ఎన్ని కొనాలో, ఎలాంటివి కొనాలో, ఏది కొనకూడదో ఒక మనిషి నా చేతిలో పెట్టి మరీ నేర్పాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. మా షాపులో ఆయన్ని బెండాయన అనేవాళ్ళం.

విజయవాడ గవర్నర్‌పేటలో మాది పెళ్ళి సామాన్ల షాపు. తలంబ్రాల పళ్ళేలు, అడ్డుతెరలు, రంగులేసిన కొబ్బరి బొండాలు, బాసికాలు. ఇప్పుడు బాసికాలన్నీ అట్టముక్క మీద ప్లాస్టిక్ ముత్యాలు అంటించినవే. అయినా కొన్ని ఇళ్ళవాళ్ళు జీలుగు బెండుతో చేసినవే కావాలంటారు. నీటి గుంటల్లో పెరిగే జీలుగు కాడని ఎండబెట్టి, పైతోలు తీసి, లోపలి తెల్లటి బెండుని సన్నటి కత్తితో కాగితంలా చెక్కి చేసేవి. అవి తెచ్చేవాడు ఆయన. అవనిగడ్డ అవతల, సముద్రం దగ్గర పడే చోట ఒక చిన్న ఊరు. గురువారం గురువారం బస్సెక్కి, పెద్ద గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాడు.

సంచి విప్పగానే బాసికాలు నాకిచ్చేవాడు కాదు. ఒక్కొక్కటీ కౌంటరు అద్దం మీద పెట్టి, వంగి, మెల్లగా ఊదేవాడు. జరిగితే నా వైపు తోసేవాడు. జరక్కపోతే మళ్ళీ సంచిలో వేసుకునేవాడు.

"అది కూడా ఇవ్వు పెద్దాయనా, బాగానే ఉందిగా."

"బరువండీ. పెళ్ళికూతురు నుదురు మోయలేదు."

చిటికెడు దూదంత బరువు కూడా ఉండదది. అయినా ఇచ్చేవాడు కాదు.

అంత భయస్తుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. తిరిగే ఫ్యాను కింద కూర్చునేవాడు కాదు. కొక్కెం వంక ఒకసారి చూసి, బల్ల జరుపుకుని, గోడకి వీపు ఆనించి, గుమ్మం కనపడేటట్టు కూర్చునేవాడు. షాపులో ఫోను మోగితే సగం లేచేవాడు. మూడో అంతస్తులో మా గోడౌనుకి లిఫ్టు ఉన్నా మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చేవాడు. "తలుపు మూసుకున్నాక అది ఎటు పోద్దో మనకి తెలవదుగదండీ," అనేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

ఒకరోజు ఆయన వంగి బాసికాన్ని ఊదుతుంటే, వెనక నుంచి కాగితం సంచి ఉబ్బించి టప్పుమని పగలగొట్టాను. ఆయన ఒక్క క్షణంలో కౌంటరు కింద ఉన్నాడు. రెండు చేతులూ తలమీద కప్పుకుని, మోకాళ్ళ మధ్య తల దూర్చి. షాపంతా గొల్లుమంది. కాసేపటికి బయటికొచ్చి, దుమ్ము దులుపుకుని, ఆయనా నవ్వాడు.

"నవ్వండి బాబుగారూ. భయం లేని పిట్ట ఒక్క చలికాలం కూడా దాటదండి."

నవ్వుతున్నా ఆయన గడ్డం వణుకుతోంది. నేనది చూశాను. చూసి కూడా, ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడకి ఆ సంగతి జోకులా చెప్పాను.

తిరిగి వెళ్ళేటప్పుడు ఏలూరు రోడ్డు దాటితేగాని ఆయనకి ఆటో దొరకదు. ఆ రోడ్డంటే ఆయనకి ప్రాణభయం. బస్సుల హారన్ వింటేనే ఒక అడుగు వెనక్కి వేసేవాడు. అందుకని నేను దాటించేవాణ్ణి. చెయ్యి పట్టుకునేవాడు కాదు. అది మర్యాద కాదనుకునేవాడేమో. నా వెనక నిలబడి, నా చొక్కా అంచు రెండు వేళ్ళతో పట్టుకునేవాడు. నేను నడిస్తే నడిచేవాడు, ఆగితే ఆగేవాడు. అవతలికి చేరాక వేళ్ళు వదిలి, చొక్కా నలిగిన చోట అరచేత్తో సవరించి, "ఉంటానండి," అనేవాడు.

ఒక గురువారం ఆయన సంచి అడుగున, పేపరులో చుట్టి, ఒక బాతు కనపడింది. బెండుతో చేసిందే. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి తల మీద అడ్డంగా రెండు నల్ల చారలు. శీతాకాలం ఉత్తరాన్నుంచి మన తీరానికి దిగే పెద్ద బాతులు అలాగే ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు.

"ఇదేంటి పెద్దాయనా, బొమ్మలు కూడా చేస్తావా?"

"బొమ్మ కాదండి, దీమం. దీన్ని చూసి పైనున్నయ్యి దిగుతయ్యి."

"దిగితే పట్టుకుంటావా?"

ఆయన గుమ్మం వంక చూసి గొంతు తగ్గించాడు. "మా పెద్దోళ్ళు పట్టేవారండి. నేను పట్టను. ఇప్పుడు కేసులు గదా. వరి కోసిన చేలల్లో మినుము మొలకలు వస్తయ్యి చూడండి, బాతుల మంద వాలిందంటే రెండ్రోజుల్లో చేను బోడి. కొడితే కేసు, ఊరుకుంటే నష్టం. అందుకని రైతులు నన్ను పిలుస్తారు. నేను పక్కన పర్రలో ఈటిని పెడతా. తమవాళ్ళేననుకుని అయ్యి అటు దిగుతయ్యి. చేనూ బతుకుద్ది, పిట్టా బతుకుద్ది."

పర్ర అంటే ఆ తీరంలో సముద్రపు పొంగు వచ్చిపోయే ఉప్పునేల. పంట పండదు. తుంగ, మోకాలి లోతో నడుము లోతో నీళ్ళు, దాని కింద ఎంత లోతో తెలియని బురద.

నాకప్పుడు నలభై రెండేళ్ళు. తెలిసినవాళ్ళెవరో వేటకెళ్ళి తీసుకున్న ఫొటోలు ఫోన్లో చూసి కొత్తగా ఎయిర్ గన్ కొన్నాను. అడవి పిట్టని కొట్టడం నేరమని నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. ఆ బెండు బాతుని చేతిలో పట్టుకుని ఆయన కళ్ళలోకి చూసి అబద్ధమాడాను.

"పెద్దాయనా, నాకు బాతుల్ని దగ్గరగా ఫొటోలు తియ్యాలనుంది. కొన్ని దీమాలు నాకూ ఇవ్వు. ఎలా పెట్టాలో నేర్పు."

ఆయన మొహం వెలిగింది. ఇరవై ఏళ్ళుగా బాసికాలు తప్ప ఆయన్ని నేనేమీ అడగలేదు.

పుష్యమాసంలో ఒకరోజు కారులో వాళ్ళ ఊరెళ్ళాను. వసారాలో ఇరవై దాకా దీమాలు వరసగా పేర్చి ఉన్నాయి. విజయవాడ నుంచి నేను బహుమానంగా నున్నటి మెరుపు రంగు డబ్బా పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని, తీసుకెళ్ళి చూరులో దాచేశాడు.

"వాడవా?"

"తలుపులకి వేసుకుంటాలెండి. దీమం మెరవకూడదు. మెరిసిందా, పిట్ట పైనించి పైనే పోద్ది. పొయ్యిలో బూడిద, సున్నం, చింతగింజల జిగురు. అంతే. తడిసిన బూడిద మాదిరి ఉండాల ఒళ్ళు."

ఎన్ని తీసుకోమంటావని అడిగాను. డజను చెబుతాడనుకున్నాను. ఎక్కువ ఉంటే ఎక్కువ దిగుతాయని నా లెక్క.

"నాలుగు చాలండి. మీరు కొత్తోరు. మొయ్యాల, పాతాల, మళ్ళీ ఏరుకోవాల. ఎక్కువ కొన్నోడు సగం బురదలో వదిలేసి వస్తాడు. మంద పెద్దదిగా కనపడాలంటే వెనకాల కొబ్బరి డొక్కలు బోర్లించండి. అంత ఎత్తునుంచి చూస్తే అయ్యీ పిట్టలే. ఊరికే వస్తయ్యి. మధ్యలో మాత్రం ఖాళీ వదలండి, వచ్చేటియ్యి దిగొద్దూ? పెళ్ళిలో వచ్చినోళ్ళకి చోటు చూపించొద్దా, అట్టాగే."

నేను వరసలోంచి మంచివి ఏరడం మొదలుపెట్టాను. మెడ నిటారుగా ఎత్తి, దూరానికి చూస్తున్నవి. అవే అచ్చం బాతుల్లా ఉన్నాయి. తల నేలకి వంచినవి నాకు కోళ్ళలా కనిపించాయి. ఆయన నా చేతిలోంచి ఒక్కొక్కటీ వెనక్కి తీసుకున్నాడు.

"అందరూ ఇయ్యే ఏరతారండి. ఇది కాపలా పిట్ట. మంద మేసేటప్పుడు ఒక్కటే తలెత్తి చూస్తా ఉంటది. భయమంతా దానికి అప్పజెప్పి మిగతాయి తింటయ్యి. రెండో మెడ లేచిందంటే ఏదో కనపడిందన్న మాట. మూడోది లేచిందా, ఇంక దిగేవి దిగవు." వేలు పైకెత్తి చూపించాడు. "ఒక్క మెడే లేవాల బాబుగారూ. అది గుర్తుంటే మిగతాదంతా అదే వస్తది."

తల దించినవి మూడు, ఎత్తినది ఒకటి నా సంచిలో పెట్టి, మజ్జిగ తేవడానికి లోపలికెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే నేను రెండింటిని మార్చేశాను. తల దించినవి రెండు వరసలో పెట్టి, ఎత్తినవి రెండు తీసుకున్నాను. నాకు అందమైనవి కావాలి. చదువుకున్నవాణ్ణి, నాకు తెలియదా అనుకున్నాను.

మజ్జిగ తాగుతుంటే గోడవారగా బోర్లించిన నల్ల కుండలు కనపడ్డాయి. ఒక్కోదానికీ కళ్ళ ఎత్తున రెండు చిల్లులు.

"ఇయ్యి మా తాతలనాటి పద్ధతండి. కుండల్ని పర్రలో వదిలేస్తే పిట్టలకి అలవాటవుద్ది. కొన్నాళ్ళకి కుండ కదిలినా పట్టించుకోవు. అప్పుడు తలమీద కుండ బోర్లించుకుని, పీకలదాకా నీళ్ళలో మునిగి వాటి మధ్యకి పొయ్యేవోళ్ళు. కాళ్ళు పట్టి లాగేవోళ్ళు. నేనైతే దీమాలు సర్దటానికి పోతానంతే. ఏదైనా పక్కకి ఒరిగినా, మెడ మరీ లేచినా, పిట్టల్ని బెదరగొట్టకుండా పుల్ల వంచి సరిచేసి రావొచ్చు."

ఇది ఆయన చెప్పాడు. నేను విన్నాను. ఈ మాట నాకు నేనే మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటూ ఉంటాను.

మర్నాడు తెల్లవారేసరికి పర్ర గట్టు మీద ఉన్నాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే చాచిన నా చెయ్యే నాకు మసగ్గా కనిపించింది. భుజం మీద దుప్పట్లో చుట్టిన ఎయిర్ గన్ ఉంది.

"అదేంటండీ?"

"కెమెరా స్టాండు."

ఆయన తలూపి నీళ్ళలోకి దిగాడు. "నా అడుగులో అడుగెయ్యండి. పక్కన వేస్తే ఊబి," అన్నాడు. మొదటి అడుగుకే నా కాలు పిక్కదాకా దిగిపోయింది. అప్పుడు ఆయన తన భుజం మీది తువ్వాలు కొస నా చేతికిచ్చాడు. ఆ కొస పట్టుకుని నడిచాను. ఏలూరు రోడ్డులో నా వెనక వణికే మనిషి కాడక్కడ. వీపు నిటారుగా ఉంది. ఎక్కడా ఆగలేదు, వెనక్కి చూడలేదు. చీకటి నీళ్ళలో ఎక్కడో ఏదో చప్పుడైతే నేను ఉలిక్కిపడ్డాను. ఆయన నవ్వలేదు. "బొమ్మిడాయి చేపండి," అన్నాడంతే.

తుంగ దుబ్బు పక్కన ఆగాడు. "దీమాలు మీ చేత్తో మీరే పెట్టండి, నేర్చుకోవాలిగా. నేను అటు గట్టుకెళ్ళి మినుముచేను చూసొస్తా. పని అయ్యాక ఈ దుబ్బులో కూర్చోండి. నేనొచ్చేదాకా లేవొద్దు."

ఆయన వెళ్ళాక నేను పెట్టాను. మూడు మెడలు ఎత్తి, ఒకటి దించి. చూడ్డానికి చాలా బాగుంది. దుప్పటి విప్పి తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

బాతులు వచ్చాయి. ముందు అరుపులు, తర్వాత రెక్కల చప్పుడు. మంచులో ఏమీ కనపడకుండా నా తలమీదుగా గుండ్రంగా తిరిగాయి. దిగలేదు. మళ్ళీ తిరిగాయి. మూడోసారి మరింత ఎత్తుకెళ్ళాయి. చలికి నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఇంత దూరం వచ్చి వట్టి చేతులతో వెళ్ళాలా అని కోపం వచ్చింది.

అప్పుడు ఎదురుగా, మంచులో మసగ్గా, ఒక మెడ కిందికి వంగింది.

ప్రాణమున్నదే దిగిందనుకున్నాను. దాని పక్కన నల్లగా గుండ్రంగా ఏదో మెల్లగా కదిలింది. ఇంకో మెడ వంగబోతోంది. నేను ఆలోచించలేదు. ఆ నల్లదాని మీదికి గురిపెట్టి పేల్చాను.

కుండ పగిలిన చప్పుడు. దాంతోపాటే చిన్న కేక, "అమ్మ" అన్న మాటలో సగం. తర్వాత నీళ్ళు బుడుంగుమన్నాయి. పైనున్న బాతులన్నీ ఒక్కసారి అరుచుకుంటూ వెళ్ళిపోయాయి. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

"పెద్దాయనా," అన్నాను. ఆ పిలుపు ఎంత మెల్లగా ఉందంటే, నాకే వినపడలేదు. వినపడకూడదనే అలా పిలిచానేమో. మంచులో కుండ పెంకు ముక్క ఒకటి గిన్నెలా తేలుతూ కనపడింది. ఒక అడుగు వేశాను. మోకాలిదాకా దిగిపోయింది. పట్టుకోవడానికి తువ్వాలు కొస లేదు. కాలు వెనక్కి లాక్కున్నాను.

పారిపోయాను.

ఎలా గట్టెక్కానో, ఎన్నిసార్లు పడ్డానో గుర్తులేదు. కారు దొరికింది. పులిగడ్డ వంతెన మీద ఆపి తుపాకీ కృష్ణలోకి విసిరేశాను. జేబులో ఫోనుంది. అంబులెన్సుకి చెయ్యొచ్చు. ఆ ఊళ్ళో ఎవరికైనా చెయ్యొచ్చు. చెయ్యలేదు. ఉయ్యూరు దగ్గర ఫ్యాక్టరీకి పోయే చెరుకు ట్రాక్టర్లు రోడ్డు నిండా ఉంటే, పక్కనే టీ బంకు ముందు ఆగాను. గ్లాసు అందుకుంటే టీ అంతా చేతిమీద ఒలికింది. "ఏంటండీ, జ్వరమా?" అన్నాడు బంకు అతను. అవునన్నాను. ఇంట్లోనూ అదే చెప్పాను.

తర్వాత పదకొండు రోజులు. పొద్దున్నే పేపరులో జిల్లా పేజీ తెరిచేవాణ్ణి. గుర్తు తెలియని మృతదేహం అన్న మాట కోసం వెతికేవాణ్ణి. షాపు ముందు ఏ బండి ఆగినా పని ఆపి గుమ్మం వంక చూసేవాణ్ణి. ఒక కానిస్టేబులు లోపలికొచ్చి నా పేరు అడిగాడు. కౌంటరు పట్టుకుని చెప్పాను. చెల్లెలి పెళ్ళికి అడ్డుతెర కావాలట, ఎవరో నా పేరు చెప్పి పంపారట. మధ్యలో వచ్చిన గురువారం సంచి రాలేదు. భయమంతా నా గురించే. నీళ్ళలో ఆయన ఎంతసేపు ఉన్నాడో, ఎవరు తీశారో, ఆ ఆలోచన నా దగ్గరకి చాలా ఆలస్యంగా వచ్చింది. సిగ్గుతో చెబుతున్నాను.

తర్వాతి గురువారం ఆయన వచ్చాడు.

తలకి ఎర్ర గుడ్డ కట్టుకున్నాడు, ఎడమ చెవి మీదుగా. ఎప్పటిలాగే బల్ల జరుపుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సంచి విప్పాడు. ఒక్కొక్క బాసికం అద్దం మీద పెట్టి ఊదాడు. నేను ఆయన నోటి వంకే చూస్తున్నాను. ఇప్పుడు అంటాడు, ఇప్పుడు అంటాడు. అన్నీ అయ్యాక సంచి మడుచుకుంటూ, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, అన్నాడు.

"బాబుగారూ, ఆ రోజు కారు లైట్లు వేసుకోకుండా పోయారు. మంచులో అట్టా పోకూడదండి. ఎదురుగా చెరుకు ట్రాక్టర్లు వస్తా ఉంటయ్యి."

నేను బాసికాలు లెక్కపెట్టి డబ్బులిచ్చాను. ఆయన కాసేపు ఆగాడు. ఇప్పుడనిపిస్తుంది, నా మాట కోసమే ఆగాడని. తర్వాత లేచాడు.

ఎప్పటిలా రోడ్డు దాటించడానికి వెంట వెళ్ళాను. అంచున నిలబడ్డాం. నా వెనక చొక్కా దగ్గర ఆయన వేళ్ళ కోసం చూశాను. రాలేదు. బస్సు హారన్ కొట్టింది. ఆయన ఒళ్ళంతా అదిరింది. అయినా ఒక చెయ్యి పైకెత్తి, వణుకుతూ, ఒక్కడే రోడ్డులోకి దిగాడు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. నేను ఇవతలే నిలబడి చూశాను.

ఆ తర్వాత నాలుగేళ్ళు వచ్చాడు. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నా చొక్కా మళ్ళీ పట్టుకోలేదు. ఆయన చెవి పైభాగం లేదు. షాపులో ఎవరైనా అడిగితే నవ్వేసేవాడు.

పోయిన వర్షాకాలం ఒక గురువారం సంచి వచ్చింది, ఆయన రాలేదు. తెచ్చింది ఆయన కూతురు. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. తండ్రిలాగే గోడకి ఆనుకుని కూర్చుంది. జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడని చెప్పింది. బాసికాలు తను చేసినవట. ఒక్కొక్కటీ ఊది చూపించింది. వెళ్ళబోతూ ఆగి అడిగింది.

"మా నాన్న చెవికి ఏమైందో మీకేమైనా చెప్పాడాండీ? మీకు చాలా ఏళ్ళనుంచి తెలుసుగదా. మాతో పడవ తెడ్డు తగిలిందన్నాడు. తెడ్డు తగిలితే అట్టా ఉండదండి."

"తెలీదమ్మా," అన్నాను.

అప్పటినుంచి ఆమె ప్రతి గురువారం వస్తోంది. ప్రతి బుధవారం సాయంత్రానికి నాకు భయం మొదలవుతుంది. పోలీసుల భయం కాదిప్పుడు. ఆ అమ్మాయి మళ్ళీ అడుగుతుందేమోనని కొంత, ఇంకెప్పటికీ అడగదేమోనని కొంత.

పక్క షాపాయన ఫోనులో ఆ ఆరు మెడలు చూశాక, మర్నాడు నేనే వాళ్ళ షాపుకి వెళ్ళాను. కొనొద్దన్నాను. ఎందుకు కొనకూడదో, పర్రలో ఏం జరిగిందో మొత్తం చెప్పాను. ఆయన వింటూ వింటూ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇంత భయస్తుడివని నేననుకోలేదు అన్నాయ్," అన్నాడు చివరికి.

"నేనూ అనుకోలేదు," అన్నాను.

మొన్న గురువారం ఆమె వచ్చింది. బాసికాలు ఊదడం అయ్యేదాకా ఆగాను. షాపులో అమ్మకాలు చూసేవాళ్ళని గోడౌనుకి పంపి, ఆమెకి ఎదురుగా కింద పీట మీద కూర్చున్నాను. అంతా చెప్పాను. ఫొటోలని అబద్ధం చెప్పడం, దీమాలు మార్చడం, దుప్పట్లో తుపాకీ, పిలిచిన పిలుపు, వెనక్కి లాక్కున్న కాలు, చెయ్యని ఫోను. పోలీసులకి చెబుతానంటే చెప్పమని కూడా అన్నాను.

ఆమె ఒక బాసికాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయింది.

"అందుకేనన్న మాట," అంది చివరికి. "ఆ ఏటి నుంచి మా నాన్న పర్రలోకి దిగలేదండి. నీళ్ళంటే పుట్టినకాడినించీ భయంలేని మనిషి. కుండలన్నీ పగలగొట్టేశాడు. ఏమైంది నాన్నా అంటే ముసలోణ్ణయ్యానమ్మా అనేవాడు."

పట్నంలో ప్రతిదానికీ భయపడ్డ మనిషికి, భయం లేని చోటు ఒక్కటే ఉండేది. దాన్ని నేను తీసేశాను. నేను కొట్టింది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

"మరి చేలు?" అన్నాను.

"దీమాలు మా ఆయన పెట్టేవాడు. నాన్న గట్టు మీద నిలబడేవాడు. ఆ రోజు మీరు వదిలేసినయ్యి కూడా ఏరుకొచ్చాడండి. ఇంట్లోనే ఉన్నయ్యి. ఒకరోజు కూర్చుని తలెత్తిన దీమాలన్నిటికీ మెడలు కోసి, కిందికి వంచి అంటించాడు. ఒక్కదాన్ని కూడా ఉంచలేదు. ఒక మెడన్నా లేవాలంటావుగా నాన్నా, కాపలా ఎవరుంటారు అని అడిగాను."

"ఏమన్నాడు?"

"'గట్టు మీద నేనుంటాగదమ్మా' అన్నాడు. తెల్లారకముందే పోయి నిలబడేవాడండి చలిలో. రోడ్డు మీద ఎక్కడన్నా కారు చప్పుడైతే చాలు, ఇట్టా..."

ఆమె బాసికం ఒళ్ళో పెట్టుకుని, వీపు నిటారుగా చేసి, మెడ సాచి, కళ్ళు దూరానికి నిలిపి చూపించింది. అచ్చం ఆయనే.

నేను తల దించుకున్నాను.